ఇంట్లో చేసుకున్న చెక్క తోపడ ఎండాకాలంలో ఎందుకు పగిలింది, బ్లేడు ఎందుకు జారతాంది

తమ్ముడూ, నీ ప్రశ్న ముందు నా మాటల్లో ఒకసారి చెప్తా, వేరేవాళ్ళు చదివినా అర్థం కావాల కదా. నీది ప్రొద్దుటూరు, మిద్దె మీద రేకుల షెడ్డులో పని చేసుకుంటావు, పోయిన నవంబర్‌లో వానలప్పుడు టేకు దిమ్మెలకి తుమ్మ పక్క చెక్కలు అతికించి రెండు తోపడలు, అంటే చెక్క మీద తోసి నున్నగా చిత్రిక పట్టే పనిముట్లు, చేసుకున్నావు. ఏప్రిల్ వచ్చేసరికి ఒకదానికి బ్లేడు పక్కన చెక్క నిలువునా నెర్రె ఇచ్చింది. రెండోదానికి బ్లేడు నిలవడం లేదు, నాలుగు సార్లు తోస్తే వెనక్కి జారిపోతాది, నోట్లో, అంటే అడుగున బ్లేడు కొస బయటికి వచ్చే సందులో, పొట్టు ఇరుక్కుంటాది. చేతగాక ఇట్లయిందా, చెక్క మంచిది కాదా, ఇంక కంపెనీ ఇనుప తోపడే కొనుక్కోవాలా అని అడిగినావు.

కొనుక్కోవద్దు అని చెప్పను, కొనుక్కో, అది కూడా ఒకటి ఉండాల. కానీ నువ్వు చేసిన పనిలో చేతగానితనం ఏమీ కనపడలేదు నాకు, ఫోటోల్లో అతుకులు కూడా బాగానే ఉన్నాయి. నువ్వు చూసిన వీడియోలు చల్లటి ఊళ్ళల్లో చేసినవి, వాళ్ళ కొలతలు వాళ్ళ చెక్కకీ వాళ్ళ గాలికీ సరిపోతాయి. మన రాయలసీమ ఎండకి చెక్క ఎట్లా కదుల్తాదో లెక్క వేసుకోకుండా చేస్తే ఎంత నున్నగా చేసినా ఇదే జరుగుతాది. నాది అనంతపురం, ఇరవై ఏళ్ళ పైనే అయింది తోపడలు చేసుకోవడం మొదలుపెట్టి, మా వీధిలో మగ్గాలు చేసే ఆచారి ఒకాయన దగ్గర కూచుని నేర్చుకున్నా. మొదటి తోపడ నాకూ మే నెలలో రాత్రిపూట టప్ అని శబ్దం చేసి పగిలింది, పొద్దున లేచి చూస్తే పక్క చెక్క తెరుచుకోని ఉంది. రెండు నెలల పని. ఆ రోజు నేను శానా బాధపడినా, అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తాండా.

ముందు పగిలినదాని సంగతి. 50 మిల్లీమీటర్ల బ్లేడుకి లోపలి దిమ్మెలు 50న్నరకి కోసినా, అంత కరెక్ట్‌గా వచ్చింది అని రాసినావు చూడు, అదే పగలగొట్టింది. నవంబర్ వానల్లో మన దగ్గర నీడలో ఉన్న చెక్కలో తేమ 12, 13 శాతం దాకా ఉంటాది, ఏప్రిల్ మే నెలల్లో రేకుల కింద అదే చెక్క 6, 7 శాతానికి దిగిపోతాది. చెక్క పొడవులో దాదాపు కదలదు, అడ్డంలో కదుల్తాది. మాను కొసన కనపడే వలయాలు అడ్డంగా పడేట్టు కోసిన పలకలో తేమ ఒక శాతం తగ్గితే వెడల్పు సుమారుగా 0.2 శాతం తగ్గుతాది, వలయాలు నిలువుగా ఉండేట్టు కోసిన దాంట్లో దాదాపు సగమే. ఇప్పుడు లెక్కెయ్యి, ఆరు శాతం తేమ పోయిందంటే 50 మిల్లీమీటర్లలో అర మిల్లీమీటర్ పైనే పోయింది. నువ్వు వదిలిన సందు అర మిల్లీమీటర్. ఇనుము ముడుచుకోదు కదా, లోపల బ్లేడు అడ్డం నిలబడింది, రెండు పక్కల నుంచి చెక్క దాన్ని పిండింది, పిండి పిండి ఎక్కడ బలహీనంగా ఉందో ఆడ చీలింది. చీలింది కూడా బ్లేడు పక్కనే కదా, వేరే చోట కాదు.

అందుకే మన దగ్గర 50 బ్లేడుకి లోపల కనీసం 52, వానాకాలంలో చేస్తాంటే 53 పెట్టు. చూడ్డానికి వదులుగా ఉన్నట్టు ఉంటాది, ఉండనీ, బ్లేడుని పట్టుకునేది పక్క చెక్కలు కాదు, కింద బ్లేడు పడుకునే వాలు, పైన దాన్ని బిగించే చీల, ఈ రెండే. పక్కన సందు ఉంటేనే బ్లేడుని అటూ ఇటూ కొట్టి సమానం చేసుకోడానికి కూడా వీలైతాది. ఇంకో మాట, వీలైతే తోపడ ఎండాకాలంలోనే చెయ్యి. ఎండిపోయిన చెక్కతో చేసినది వానల్లో ఉబ్బితే బ్లేడు పక్కన సందు కొంచెం పెరుగుతాది అంతే, దానివల్ల నష్టం లేదు. వానల్లో చేసినది ఎండల్లో ముడుచుకుంటేనే తంటా.

టేకు, తుమ్మ కలపడం గురించి కూడా చెప్పాల. చూడ్డానికి బాగుంటాది, బంగారు రంగు మధ్యలో, ఎర్రగా పక్కల్లో, నేనూ చేసినా. కానీ ఆ రెండూ ఒకే లెక్కన కదలవు. టేకు తక్కువ కదుల్తాది, తుమ్మ ఎక్కువ. నాలుగు నెలలకి తోపడ అడుగు మీద గోరు పెట్టి అడ్డంగా గీకితే అతుకు దగ్గర మెట్టు తగులుతాది, అడుగు మట్టంగా లేకపోతే తోపడ ఇంకేం పని చేస్తాది. ఒకే దిమ్మె తీసుకో, దాన్ని నిలువుగా మూడు ముక్కలు కొయ్యి, మధ్య ముక్కని వాలుకి కోసుకోని, మళ్ళీ ఏది ఎక్కడ నుంచి వచ్చిందో ఆడనే అతికించు. జేమ్స్ క్రెనోవ్ అని అమెరికాలో పేరున్న వడ్రంగి, 2009లో పోయినాడు, ఈ అతికించే పద్ధతిని ప్రపంచమంతా పాకించింది ఆయనే అనొచ్చు, ఆయన పద్ధతిలో కూడా దిమ్మె ఒక్కటే. మళ్ళీ అతికిస్తే అసలు కోసినట్టే కనపడదు, అందం కూడా అందులోనే ఉంది నన్నడిగితే.

ఇంక చెక్క ఏది అనేది. అడితికి పోయి తోపడకి చెక్క కావాల అంటే ఎవరూ అర్థం చేసుకోరు, కొత్త టేకు చూపిస్తారు. మన రాయలసీమలో నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచిది పాత మిద్దె ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చే చెక్క. దూలాలు, దంతెలు, ద్వారబంధాలు. యాభై అరవై ఏళ్ళు మన ఎండలో వానలో ఉండి కదలాల్సినంతా కదిలేసి ఉంటాయి. కోసే ముందు ఒక అయస్కాంతం తీసుకోని దిమ్మె అంతా తడుము, లోపల విరిగిపోయిన పాత మేకులు ఉంటాయి, రంపం పళ్ళు పోతాయి. చెదలు తిన్న చోటు, మసిపట్టి మెత్తబడిన చోటు వదిలెయ్యి.

తుమ్మ అయితే నల్లతుమ్మ చేవ, అంటే మాను లోపలి గట్టి చెక్క. బండి చక్రాలకి, నాగళ్ళకి మన పెద్దోళ్ళు ఎందుకు వాడినారో పట్టుకుంటేనే తెలుస్తాది, బరువు, గట్టితనం రెండూ ఉన్నాయి, అడుగు తొందరగా అరగదు. కానీ పచ్చిగా ఉన్నప్పుడు శానా మొండిది, ఎండలో పెడితే కొసల నుంచి చీలుకుంటా వస్తాది. మా పక్క పల్లెల్లో కొట్టిన మాను చెరువులోనో కుంటలోనో కొన్ని నెలలు నానబెట్టేవాళ్ళు, తర్వాత నీడలో ఆరబెట్టేవాళ్ళు, పురుగు పట్టకుండా ఉంటాదని. ఇప్పుడు చెరువులో నీళ్ళే లేవు అనుకో. నువ్వు చెయ్యగలిగేది ఏందంటే దిమ్మెలు తోపడ కొలతకి ఒక అంగుళం ఎక్కువగా కోసుకోని, రెండు కొసలకి కరిగించిన కొవ్వొత్తి మైనం గానీ మిగిలిపోయిన పెయింట్ గానీ మందంగా పూసి, నీడలో, గాలి తగిలే చోట, కింద రీపర్లు, అంటే సన్న చెక్క పట్టీలు, పెట్టి పేర్చు. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క ఒకటి ఉంది, మన గాలికి అంతకంటే ముందే ఆరుతాది, కానీ నమ్మకం కావాలంటే తూకం వెయ్యి. ఇంట్లో కిచెన్ స్కేలు ఉంటే దాని మీద, లేకపోతే అంగట్లో అడిగి, వారానికోసారి తూచి దిమ్మె మీదే పెన్సిల్‌తో రాయి. వరసగా మూడు వారాలు బరువు మారలేదంటే అది మన గాలికి అలవాటు పడింది అని. ఇంతకంటే మంచి మీటర్ నేను చూడలేదు.

చింత చేవ దొరికితే వదలొద్దు, నల్లగా ఊదా రంగులో ఉండే లోపలి భాగం మాత్రమే, చుట్టూ ఉండే తెల్లచెక్కకి పురుగు పడతాది. పెద్ద దిమ్మె దొరకడం కష్టం, చీలలకి, నోటి ముందు అతికే ముక్కకి వాడుకో. వేప వద్దు, గ్రెయిన్, అంటే చెక్క పోగులు, అటొకసారి ఇటొకసారి తిరిగి ఉంటాది, నున్నగా రాదు. టేకు స్థిరంగా ఉంటాది, పని చెయ్యడానికి సులువు, అయితే మెత్తన, అడుగు అరుగుతాది, అందుకు టేకు తోపడకి అడుగున 6 మిల్లీమీటర్ల గట్టి చెక్క పలక గ్రెయిన్ ఒకే దిక్కుకి ఉండేట్టు అతికించేవాళ్ళు ఉన్నారు. నీ మెసేజ్‌లో ఎవరో ఎర్రచందనం ముక్క ఇస్తామన్నారు అని రాసినావు, దండం పెట్టి చెప్తాండా, దాన్ని ముట్టుకోవద్దు. కడప చుట్టూ శేషాచలం, లంకమల అడవుల్లో పెరిగే చెట్టు అది, చట్టప్రకారం వచ్చిందని కాగితం లేకుండా అరచేయంత ముక్క ఇంట్లో ఉన్నా కేసు పడొచ్చు. ఎంత అందంగా ఉన్నా సరే, ఒక తోపడ కోసం కోర్టు చుట్టూ తిరగాల్సిన పని లేదు.

దిమ్మె దొరికినాక ఏ పక్క అడుగు చెయ్యాల అనేది చూసుకో. కొస చూస్తే వలయాలు కనపడతాయి కదా, బెరడు ఉన్న పక్క అడుక్కి, మాను నడుమ ఉన్న పక్క పైకి. పక్క నుంచి చూస్తే గ్రెయిన్ గీతలు ముందు నుంచి వెనక్కి కిందకి వాలి ఉండాల. పిల్లి వీపు నిమిరినట్టు, తోపడ ముందుకి పోతా ఉంటే పోగులు వెనక్కి పడుకోవాల, లేవకూడదు. తిప్పి చేసినావంటే ఏడాదికి అడుగు గరుకు తేల్తాది.

అతికించేటప్పుడు ఇంకో జాగ్రత్త. మన ఎండలో ఫెవికాల్ పూసి ఇటు తిరిగి అటు తిరిగేసరికి పట్టేస్తాది, ముక్కలు జరపడానికి టైమ్ ఉండదు. పొద్దున ఆరు గంటలకి చెయ్యి. అంతకుముందే ముక్కలన్నీ పొడిగా పెట్టి, తర్వాత కోసి పారేసే రెండు కొసల్లో చిన్న చిన్న కొయ్య మేకులకి బెజ్జాలు వేసి బిగించుకో, అప్పుడు జిగురు పూసినాక జారవు. క్లాంపులు చాలకపోతే పాత సైకిల్ ట్యూబు పట్టీలుగా కోసి గట్టిగా చుట్టు, నేను ఇప్పటికీ అదే చేస్తా. ఒక రోజు పూర్తిగా కదిలించొద్దు.

ఇప్పుడు రెండో తోపడ, బ్లేడు జారేది. నువ్వు చీల గట్టిగా కొడతాండావు, అయినా జారతాంది, ఇంకా గట్టిగా కొడతాండావు. అది దారి కాదు. బ్లేడు కింద ఉండే వాలు, మేము బెడ్ అంటాం, అది నీది మధ్యలో ఉబ్బెత్తుగా ఉంది అని నాకు అనుమానం, ఎందుకంటే రంపంతో కోసి సాండ్ పేపర్‌తో రుద్దినా అన్నావు. సాండ్ పేపర్ చేత్తో రుద్దితే అంచులు ఎక్కువ పోతాయి, నడుమ ఉబ్బు మిగుల్తాది. బ్లేడు ఆ ఉబ్బు మీద ఊయల ఊగినట్టు ఊగుతాది, కింద కొస చెక్కకి ఆనదు, చెక్క మీద పడగానే అదురుతాది, అదిరి అదిరి జారతాది. గడగడ శబ్దం వస్తాదా? వస్తే ఖాయం.

దీనికి కాటుక తీసుకో. ఇంట్లో కాటుక లేకపోతే దీపం మసిలో రెండు చుక్కల నూనె వేసి కలుపు. బ్లేడు వెనక పక్క పల్చగా పూసి, దాన్ని వాలు మీద పెట్టి చీల కొంచెం బిగించి తీయి. చెక్క మీద నల్లగా ఎక్కడ అంటిందో ఆడ ఎత్తు ఉంది అని. ఆ మచ్చ మాత్రమే పదునైన ఉలితో గీకు, పొడి రాలినట్టు గీకు, చెక్క తియ్యొద్దు. మళ్ళీ పూయి, మళ్ళీ పెట్టు. మొదటి సారి నాకు ఒక మధ్యాహ్నం అంతా పట్టింది, పాతిక సార్లు పెట్టి తీసుంటా, చేతులు మొహం అంతా నలుపు. చివరికి కావాల్సింది ఏందంటే, నోటి దగ్గర వాలు కింద అంచు పొడుగునా ఒక గీతలాగా అంటాల, పైన చీల నొక్కే చోట అంటాల, నడుమ కొద్దిగా పల్లం ఉన్నా పర్వాలేదు, ఉబ్బు మాత్రం ఉండకూడదు. తోపడ చెయ్యడంలో అసలు పని ఇదే తమ్ముడూ. బయట ఆకారం నువ్వు ఎట్లా చెక్కినా పని చేస్తాది, ఈ అరచేయంత జాగా సరిగా లేకపోతే మిగతా అంతా ఉత్త బొమ్మ.

ఈ వాలు కోణం 45 డిగ్రీలు మామూలుగా పెడతారు, టేకుకి అది చాలు. కానీ మన పక్క దొరికే తుమ్మ, వేప లాంటివి తోస్తే పెళ్ళలు లేస్తాయి, వాటి మీద ఆఖరి చిత్రిక పట్టే చిన్న తోపడకి 50 పెట్టు, 55 పెట్టినా తప్పు లేదు, తొయ్యడానికి బలం ఎక్కువ కావాల, అంతే. బ్లేడు పదును 25 డిగ్రీలకి గ్రైండ్ చేసి కొస మాత్రం 30కి నూరుకుంటే 45 వాలు మీద కింద ఇంకా 15 డిగ్రీల ఖాళీ ఉంటాది. చేత్తో నూరేటప్పుడు తెలియకుండా కోణం పెరిగి 40కి పోయిందనుకో, ఖాళీ 5 డిగ్రీలే మిగుల్తాది, పదును ఉన్నా సరే బ్లేడు మడమ, అంటే పదును వాలు వెనక అంచు, చెక్క మీద రుద్దుకుంటాది, చెక్క తెగదు, తోపడ పైపైన జారిపోతాది. చాలామంది పదును పోయింది అనుకోని మళ్ళీ అదే కోణంలో నూరుతారు.

చీల, దాన్ని ఆపే అడ్డ కడ్డీ గురించి. కడ్డీ నువ్వు ఇనుపది పెట్టినావు, 12 మిల్లీమీటర్లది, బాగుంది. ఆ కడ్డీ నడుమ తోపడ అడుగు నుంచి 35 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాల, వాలుకీ కడ్డీ అంచుకీ మధ్యలో సందు 15, 16 మిల్లీమీటర్లు, అది 4 మిల్లీమీటర్ల ఒంటి బ్లేడుకి. కంపెనీ బ్లేడుకి పైన క్యాప్ ఐరన్, అంటే బ్లేడు మీద స్క్రూతో బిగించే రెండో ఇనుప పలక, కూడా పెడితే దాని మందం, స్క్రూ తల కలుపుకోని సందు పెంచు, స్క్రూ తల దిగడానికి వాలులో గాడి కూడా తీయాల. చీల కోణం 10 డిగ్రీల చుట్టూ ఉంటే బాగా పడతాది, మరీ నిలువుగా ఉంటే ఎంత కొట్టినా ఎగిరి వస్తాది, మరీ సన్నగా ఉంటే ఇరుక్కోని రాదు. చీలకి కూడా కాటుక పరీక్ష చెయ్యి, కడ్డీ కింద రెండు పక్కలా సమానంగా అంటాల, ఒక పక్కే అంటితే బ్లేడు ఆ పక్కకే తిరుగుతాది. రోమన్లు కూడా ఇట్లా అడ్డ కడ్డీ, చీల తోనే బిగించేవాళ్ళు, 79వ సంవత్సరంలో అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయీలో వాళ్ళ తోపడలు దొరికినాయి. అంత పాత ఉపాయం ఇది, మన ఆచార్ల చేతుల్లో కూడా చూస్తాం.

నీ చీల కింద కొస మందంగా ఉందని ఫోటోలో కనపడుతోంది. పొట్టు ఇరుక్కునేది దానివల్లే ఎక్కువ. పొట్టు నోట్లోంచి పైకి వచ్చి చుట్ట తిరిగి బయట పడాల, దానికి అడ్డంగా నీ చీల కొస గోడలాగా నిలబడి ఉంది. కొసని కత్తి అంచులాగా పల్చగా చెయ్యి, నోటికి అర అంగుళం పైనే ఆపెయ్యి. ఇంకో కారణం నోటి ముందు గోడ. అది వెనక్కి వాలి ఉందంటే పైకి పొయ్యేకొద్దీ సందు తగ్గిపోతాది, పొట్టు ఎక్కడికి పోవాల? ముందు గోడ ముందుకే వాలాల, 60 డిగ్రీల చుట్టూ.

నోరు ఎంత తెరవాల అని అడిగినావు. చిత్రిక తోపడకి అర మిల్లీమీటర్, గరుకు పనికి ఒకటిన్నర రెండు ఉన్నా ఇబ్బంది లేదు. కానీ అతికించినప్పుడే అంత తెరిచి పెట్టొద్దు. వాలు వెనక్కి, ముందు గోడ ముందుకి పోతా ఉంటాయి కాబట్టి అడుగు ఒక మిల్లీమీటర్ అరిగితే నోరు ఒకటిన్నర మిల్లీమీటర్ పెద్దదైతాది. నువ్వు అడుగు మట్టం చేసేసరికే నోరు తెరుచుకోని ఉంటాది. అందుకని మొదట బ్లేడు బయటికి రానంత మూసి పెట్టుకోని, అడుగు మట్టం అయినాక ఆకురాయితో కొంచెం కొంచెం తెరువు. ఇప్పటికే పెద్దదైపోయి ఉంటే బాధపడొద్దు, నోటి ముందు అడుగులో గాడి తీసి చింత చేవ ముక్క అతికించి మళ్ళీ తెరుచుకోవచ్చు, నా దగ్గర ఉన్న చిన్న తోపడకి రెండుసార్లు అట్లా వేసినా.

అడుగు మట్టం చేసేటప్పుడు బ్లేడు లోపల ఉండాల, చీల పని చేసేటప్పుడు ఎంత బిగిస్తావో అంత బిగించి ఉండాల, బ్లేడు కొస మాత్రం లోపలికి లాగి పెట్టు. చీల బిగిస్తే దిమ్మె కొంచెం వంగుతాది, ఖాళీ దిమ్మెని మట్టం చేసి తర్వాత బిగిస్తే నువ్వు చేసిన మట్టం పోతాది. తాడిపత్రి బండ మీద రుద్దినా అన్నావు. మన కడప బండ, తాడిపత్రి బండ ఇంట్లో వేసుకోడానికి బంగారం, కానీ పాలిష్ పట్టినా పైకి కనపడని అలలు ఉంటాయి. గ్లాసు షాపులో 12 మిల్లీమీటర్ల అద్దం ముక్క అడుగు, దాని మీద 120 నంబరు పేపర్ అతికించి రుద్దు, తర్వాత 220. ముందు అడుగు మీద పెన్సిల్‌తో పిచ్చి గీతలు గీయి, ఎక్కడ గీతలు మిగిలినాయో అక్కడ పల్లం. మూడు చోట్ల గీతలు తప్పకుండా పోవాల: ముందు కొస, నోటి ముందు అంచు, వెనక కొస. మన దగ్గర ఏడాదికి రెండుసార్లు ఇది చెయ్యాల్సిందే, ఉగాది తర్వాత ఒకసారి, దీపావళి వానలు పోయినాక ఒకసారి.

బ్లేడు కొత్తది చేసుకోవాలంటే గుజిరీ అంగట్లో పాత పెద్ద ఆకురాళ్ళు వెతుకు. లారీ కమాన్ పట్టీ అందరూ చెప్తారు, మంచి ఉక్కే, కానీ మందం ఎక్కువ, కమ్మరి దగ్గర సాగదీయించి మళ్ళీ ఉక్కు గట్టిపడేట్టు పదను పెట్టించాల, ఎర్రగా కాల్చి అయస్కాంతం అంటనంత వేడికి పోయినాక, అంటే 770 డిగ్రీలు దాటి ఇంకొంచెం వేడెక్కినాక నూనెలో ముంచాల, ఆ పని తెలిసిన చెయ్యి కావాల. పాత ఆకురాయి అయితే పళ్ళు గ్రైండ్ చేసి, ఇంట్లో ఓవెన్ ఉంటే 200 నుంచి 220 డిగ్రీల మధ్య ఒక గంట పెట్టి తీస్తే ఎండుగడ్డి రంగుకి తిరుగుతాది, పెళుసు తగ్గుతాది, పదును నిలుస్తాది. గ్రైండ్ చేసేటప్పుడు మాటిమాటికి నీళ్ళల్లో ముంచు, కొస నీలం తిరిగిందంటే ఆ మేరకి ఉక్కు మెత్తబడినట్టే, నీలం పొయ్యేదాకా మళ్ళీ అరగదీయాల. కళ్ళద్దాలు లేకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు.

ఆకారం నీ ఇష్టం, నీ చేతికి ఎట్లా ఉంటే అట్లా. నూనె మాత్రం చూసుకో. మన పక్క ఇంట్లో ఎప్పుడూ ఉండేది సెనక్కాయ నూనె, దాన్ని పూసి పెడితే ఆరదు, జిగటగా ఉండి దుమ్ము పట్టి కొన్నాళ్ళకి వాసన కొడతాది. అవిసె నూనె పల్చగా రెండు మూడు సార్లు పూయి, అది గాలికి గట్టిపడే రకం. అవిసె నూనె తుడిచిన గుడ్డ ముద్దగా చుట్టి మూల పడేయొద్దు, అది ఆరేటప్పుడు దానంతట అదే వేడెక్కి అంటుకుంటాది, మన మే నెల రేకుల షెడ్డులో ఇంకా ప్రమాదం. విప్పి తీగ మీద ఆరేసి, తర్వాత నీళ్ళల్లో ముంచి పారెయ్యి. అడుక్కి నూనె ఏమీ వద్దు, కొవ్వొత్తితో రెండు గీతలు గీస్తే నున్నగా జారతాది.

ఇంక నీ రెండు తోపడలు ఏం చెయ్యాల. పారెయ్యొద్దు. జారేదానికి పైన చెప్పిన కాటుక పని, చీల కొస పల్చన చెయ్యడం, ఈ రెండూ చాలు అనుకుంటా. పగిలినదాంట్లో బ్లేడు ముందు తీసెయ్యి, ఇప్పుడు ఎండకి నెర్రె పూర్తిగా తెరుచుకోని ఉంటాది, ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి పల్చగా చేసి లోపలికి ఎక్కించు, ట్యూబు పట్టీతో బిగించి రెండు రోజులు వదిలెయ్యి. ఆరినాక లోపల రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటర్ ఉలితో చెక్కి బ్లేడుకి సందు చెయ్యి. దాని బ్లేడుని గుండ్రంగా, 8, 10 అంగుళాల వ్యాసార్థం వంపు వచ్చేట్టు నూరి, నోరు పెద్దది చేసి, పచ్చి గరుకు చెక్క దింపే మొరటు పనికి పెట్టుకో, ఆ పనికి అడుగు మట్టం అంత ముఖ్యం కాదు, మెట్టు ఉన్నా నడుస్తాది. పని అయినాక రెండిటికీ చీల వదులు చేసి నీడలో పెట్టు, షెడ్డులో రేకు కింద కాదు, ఇంట్లో మంచం కింద అయినా సరే.

కొత్తది చేస్తా అంటే దిమ్మె ఈ వారంలోనే కోసి కొసలకి మైనం పూసి తూకం మొదలుపెట్టు. ఈ ఎండ ఇంకా నెలే ఉంటాది.